బండి క్రింద చదువు : శ్రీ జి. డి. నాయుడుగారి జీవితము

ఉగాదినాడు మన సత్యనారాయణపేటలో తెలుగు కుటుంబములు ఒకచోట చేరి, పచ్చడి పంచుకొని, పంచాంగ శ్రవణము ముగించి, పెద్దలను స్మరించుకొనడము మంచి సంప్రదాయము. బళ్ళారి తెలుగువారికి స్మరించదగిన పెద్దలకు కొదవ లేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు, బళ్ళారి రాఘవగారు అనగానే నాటకరంగమంతా కన్నులకు కట్టుతుంది. యీ సంచికలో మేము స్మరించబూనినవారు మాత్రము వేరొక రంగమునకు చెందినవారు. వారు కలము పట్టి పేరు పొందలేదు, ముఖమునకు రంగు పూసుకొని పేరు పొందలేదు. పానా పట్టి పేరు పొందారు. వారే కోయంబత్తూరు వాస్తవ్యులు శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు. లోకము వారిని జి. డి. నాయుడుగారని పిలిచింది.

మనవంటి వలస కుటుంబములకు వారితో ఒక విధమైన చుట్టరికము వున్నది. విజయనగర రాజుల కాలములోను, ఆ పిమ్మట నాయకరాజుల కాలములోను అనేక తెలుగు కుటుంబములు తమిళదేశమునకు తరలి, మధుర, కోయంబత్తూరు మండలములలో నేల దున్నుకొని స్థిరపడినాయి. నాయుడుగారిది కోయంబత్తూరు సీమలోని తెలుగు కుటుంబమే. ఆ వలసలకు మూలమైన విజయనగరము, అనగా నేటి హంపి, మన పేటకు ఇంచుమించు 60 కిలోమీటర్ల దూరములో వున్నది. 2021లో బళ్ళారి నుంచి విడివడిన విజయనగర జిల్లాలో చేరింది. మన సంగతి చూస్తే, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరింది గనుక, మనలో కొందరు ఇల్లు కదలకుండానే పరరాష్ట్రవాసులైనారు. తుంగభద్ర కాలువలు వచ్చిన పిమ్మట కోస్తా రైతులు సిరుగుప్ప, కంప్లి ప్రాంతములకు వచ్చి క్యాంపులు కట్టుకొన్నారు. వచ్చినచోట వేరూనడము ఎట్లాగో నాయుడుగారి జీవితము చెప్పుతుంది.

వారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున కలంగల్ గ్రామములో రైతు కుటుంబములో జన్మించారు. పసితనములోనే తల్లిని పోగొట్టుకొన్నారు. బడి వారికి రుచించలేదు. చదువు ప్రాథమిక తరగతులతోనే నిలిచిపోయింది. చదువు అబ్బని పిల్లవాడని ఊరు అనుకొని వుండవచ్చును. కాని ఆ పిల్లవానికి మరొక విధమైన చదువు ఎదురైంది. ఒక ఆంగ్లేయ అధికారి మోటారుసైకిలు మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, బండి తనంతట తానే నడుస్తున్నది. అది చూచినది మొదలు ఆ యువకునికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు వెళ్ళి హోటలులో సర్వరు పనికి కుదిరి, పైసా పైసా కూడబెట్టి, చివరకు ఆ మోటారుసైకిలునే కొన్నారు. కొన్న తరువాత ఊరంతా త్రిప్పి గొప్ప చూపుకొనలేదు. దానిని విప్పి, భాగములన్నీ పరచి, ఏ భాగము దేనికోసమో తెలిసేవరకు చూచి, మరల బిగించారు. వారి పాఠశాల అదే. ఆ పిమ్మట పత్తి వ్యాపారములో దిగి బొంబాయి వరకు వెళ్ళి, డబ్బు పోగొట్టుకొని తిరిగివచ్చారు. యీ నష్టము వారిని మళ్ళీ యంత్రముల వద్దకే చేర్చింది.

1920లో స్టేన్స్ దొరగారి సహాయముతో ఒక బస్సు సంపాదించి, పొల్లాచి నుంచి పళనికి నడపసాగారు. తామే యజమాని, తామే డ్రైవరు. దూరము ఇంచుమించు 60 కిలోమీటర్లు. ఒక కొసన పొల్లాచి సంత, మరొక కొసన పళనికొండ మీద సుబ్రహ్మణ్యస్వామి. రైతులు, వర్తకులు, యాత్రికులు ఎక్కేవారు.

ఆనాటి బస్సు ఎట్లా వుండేదో నేటి పిల్లలకు చెప్పవలసి వున్నది. లారీ చట్రము మీద కొయ్యతో కట్టిన పెట్టె అది. రోడ్డు కంకరరోడ్డు. గోతికీ ప్రయాణికుని నడుముకూ నడుమ అడ్డుగా వున్నవి ఉక్కు కమాను కట్టలే. మన ఎద్దుబండికి అవి లేవు, జట్కాబండికి వుండేవి. పొడుగు పట్టీ క్రింద దానికంటె పొట్టి పట్టీ, దాని క్రింద మరింత పొట్టి పట్టీ చేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగించి, ఇరుసుకు యు బోల్టులతో కట్టుతారు. చక్రము గోతిలో పడినప్పుడు పట్టీలు వంగి దెబ్బను తాము మింగి, ఒకదానిపై ఒకటి రాసుకొంటూ ఆ ఊపును అణచుతాయి. అవి మొద్దుబారితే దెబ్బ పైకి ఎక్కుతుంది. ముందు చట్రపు రివెట్లు వదులవుతాయి, రేడియేటరు అతుకులు చిట్లి నీరు కారుతుంది, కొయ్యపెట్టె కీళ్ళు కిర్రుమంటాయి. చివరకు బస్సు దారిలో నిలిచిపోతుంది. బస్సు వేళకు చేరడము డ్రైవరు వేగములో లేదు. ముందురోజు రాత్రి షెడ్డులో బండి క్రింద పడుకొని చూచినవాని కంటిలో వున్నది.

నాయుడుగారు పేరు పొందినది యీ వేళపాలనతోనే. ఒక బస్సు పదులై, పదులు వందలై, యునివర్సల్ మోటారు సర్వీసు అనే సంస్థ అయింది. దేశములో మేలైన బస్సు సంస్థలలో ఒకటిగా దానిని చెప్పుకొనేవారు. టిక్కెట్లు అచ్చువేయడానికి యంత్రము, వేళ చూపడానికి గడియారము, ఇట్లా ప్రతి పనికీ ఒక ఉపకరణము కల్పించడము వారి పద్ధతి. బస్సుల కొరకు నెలకొల్పిన మరమ్మతు షెడ్డుల చుట్టూ కర్మాగారములు పెరిగినాయి. యునివర్సల్ రేడియేటర్సు ఫ్యాక్టరీ వాటిలో ఒకటి. 1937లో పీలమేడులో శ్రీ డి. బాలసుందరము నాయుడుగారితో కలసి, మన దేశములో తయారైన మొదటి విద్యుత్ మోటారును వెలువరించారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు అందించగలమని చూపారు. పలుచని క్షౌరపు బ్లేడు, పండ్లరసము తీసే యంత్రము, కిరసనాయిలుతో తిరిగే పంకా, యీ విధముగా వారి చేతినుంచి వచ్చినవి ఎన్నో. పొలములో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగములు చేశారు. వారి తోటను చూడడానికి సర్ సి. వి. రామన్‌గారు, మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు వచ్చారు.

చదువు విషయములో వారికి గట్టి పట్టుదల వుండేది. 1945లో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయము నెలకొనడానికి వారే ముఖ్యకారకులు. ఇంజనీరింగు చదువుకు నాలుగేండ్లు అక్కరలేదని, చేతిపని ప్రధానముగా నేర్పితే రెండేండ్లు చాలునని వారి వాదము. ప్రభుత్వము ఒప్పుకొనకపోగా పదవి వదలుకొన్నారు. ఆ విద్యాలయమే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. 1952లో ఇద్దరు కూర్చుండే పెట్రోలు కారును 2,000 రూపాయల ధరకు సిద్ధము చేశారు. ప్రభుత్వపు లైసెన్సు రానందున అది ఆగిపోయింది. పన్నుల భారము తగదని నిరసిస్తూ తాము చేసిన వస్తువులను తామే బహిరంగముగా ధ్వంసము చేశారు. ఆ పని సరియా కాదా అన్న విషయములో మాలోనే రెండు అభిప్రాయములు వున్నవి. కోపము న్యాయమైనదే కావచ్చును. కాని విరిగిన వస్తువు మరల ఎవరికి ఉపయోగము? ఏ దెబ్బనైనా వంగి భరించేదే మంచి కమాను. ఆ ఒక్కచోట వారు వంగలేదు. పెద్దలను స్మరించుకొనడమంటే వారిలోని అన్నింటినీ పొగడడము కాదని మా భావము.

నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన పరమపదించారు. వారి పేర నడిచే సంస్థలు యువకులకు చేతిపని నేర్పుతున్నవి. 2015లో కోయంబత్తూరులో పాత మోటారుకార్ల ప్రదర్శనశాల తెరచారు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరచిన 10 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వము వారి పేరే పెట్టింది. తరతరముల క్రింద వలస వచ్చిన తెలుగు కుటుంబపు బిడ్డ పేరు ఆ ఊరి నడివీధి పేరైంది. ఊరికి పనికివచ్చినవాడు ఊరివాడే అవుతాడు. అతని ఇంటిలో ఏ భాష మాట్లాడినా అడ్డు లేదు.

ఇక మన సంగతి. మనలో లారీలు గలవారు, ట్రాక్టరు ట్రాలీలు గలవారు వున్నారు. విదేశములలో వున్న మన పిల్లలు కొందరు సెలవులలో కారు వెనుక ఇంటిబండి తగిలించుకొని యాత్రలు చేస్తున్నారు. సండూరు ఇనుపరాతి దారి అయినా, అమెరికా రాజమార్గమయినా, క్రింద వున్న కమాను ధర్మము ఒక్కటే. అందుచేత నాయుడుగారి స్మృతిగా నాలుగు మాటలు మనవి చేస్తున్నాము. బండిని సమనేల మీద నిలిపి రెండు ప్రక్కల ఎత్తు కొలవండి. ఒక ప్రక్క కుంగితే పట్టీ విరిగిందో, సాగిందో చూడాలి. విరిగిన పట్టీని వెల్డింగు చేయించవద్దు. వేడికి ఉక్కు పదును పోతుంది. మార్చినప్పుడు రెండు ప్రక్కలా జతగా మార్చండి. కొత్త కమాను కట్టిన తరువాత కొంత దూరము బరువుతో నడిపి, యు బోల్టుల నట్లు మరల బిగించండి. టైరు ఒక అంచునే అరిగితే ఇరుసు జరిగిందేమో అనుమానించండి. ఇంటిబండ్లలో రెండు ఇరుసుల నడుమ త్రాసుకోల వలె ఊగే దండము వుంటుంది. దాని బుష్షులు ప్లాస్టికువైతే త్వరగా అరుగుతాయి. గ్రీసు పెట్టే వీలున్న కంచు బుష్షులు వేయించుకొనడము, షాక్ అబ్జార్బర్లు చేర్చుకొనడము మంచిది. బరువు ఎక్కువ వేయడానికని పట్టీలు పెంచడము మాత్రము మోసపుచ్చే పని. కమాను గట్టిపడుతుందే గాని ఇరుసు, బేరింగు, టైరు, బ్రేకు గట్టిపడవు. ధాన్యపు బస్తాల ట్రాలీలో పెండ్లివారిని ఎక్కించడము మన క్యాంపులలో మానవలసిన అలవాటు. ఆ ట్రాలీ బోల్తాపడితే పోయేవి మన ప్రాణములే.

మరొక మాట. పిల్లవాడు వర్కుషాపుకు వెళ్తానంటే చిన్నబోయే తల్లిదండ్రులు మన పేటలో ఇంకా వున్నారు. కచేరీ ఉద్యోగము గౌరవము, గ్రీసు మరక అవమానము అనుకొంటారు. నాయుడుగారు బ్రతికివున్నంతకాలము యీ భావముతోనే పోరాడారు. బండి నడిచేవారందరి ప్రాణము, బండి క్రింద వంగినవాని చేతిలో వున్నది. ఆ చేతికి అన్నము పెట్టడమే గాక గౌరవము కూడ యివ్వడము మన విధి.

దసరానాడు ఆయుధపూజకు బండికి పసుపు కుంకుమలు అద్ది, చక్రము క్రింద నిమ్మకాయ పెట్టి తృప్తిపడుతున్నాము. యీ సంవత్సరాది మొదలు నెలకు ఒక్కసారి అదే బండి క్రిందకు దీపము పట్టి చూచే అలవాటు కూడ చేసుకొందాము. క్రొత్త సంవత్సరము మన తెలుగు కుటుంబములను అన్ని దారులలోను క్షేమముగా ఇల్లు చేర్చుగాక అని కోరుతూ, శ్రీ నాయుడుగారి స్మృతికి నమస్కరిస్తున్నాము.