జాన్ హారిసన్: కాలమును దిద్దిన వడ్రంగి

డిజిటల్ చేతి గడియారములు నేడు నంద్యాల అంగళ్లలో స్వల్పమగు వెలకే దొరకుచున్నవి. వాని అంకెలను చూచి, అవి చెప్పు వేళ తప్పనిదని మనము నమ్ముదుము. కాని లోకమున ఏ గడియారమును సంపూర్ణముగా నిజము చెప్పదు. ఒకటి ముందునకు పోవును, మరియొకటి వెనుకబడును. ఎంత తప్పుచున్నదో కనిపెట్టి, ఆ తప్పునకు హేతువు నెరిగి, దానిని దిద్దుటయే గడియారపు విద్యకు ప్రాణము. ఈ విద్యకు తన జీవితమంతయు ధారపోసిన జాన్ హారిసన్ చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా విన్నవింపగోరుచున్నాము.

హారిసన్ 1693వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమందలి యార్కుషైరులో ఫౌల్బీ యను గ్రామమున జన్మించెను. తండ్రి వడ్రంగి. హారిసన్ బాల్యమందే ఆ కుటుంబము లింకనుషైరులోని బారో గ్రామమునకు తరలిపోయెను. అతనికి గొప్ప పాఠశాలల చదువు లభింపలేదు. తండ్రి యొద్ద కొయ్యపని నేర్చి, గడియారముల మర్మమును తానే శోధించి తెలిసికొని, 1713లో, ఇరువదియేండ్ల ప్రాయమున, చక్రములను సైతము కొయ్యతోనే చెక్కి యొక నిలువు గడియారమును నిర్మించెను. ఆ కాలపు చమురు చలికి చిక్కబడియు వేడికి పలుచబడియు గడియారముల నడకను చెరచుచుండెను. హారిసన్ తరువాతి గడియారములలో సహజముగానే జిడ్డుగల గట్టికొయ్యను వాడి, చమురుతో పనియే లేకుండ చేసెను.

గడియారమునకు రెండవ శత్రువు ఉష్ణము. వేడికి లోహము సాగును. లోలకము సాగినచో గడియారము మందగించును. ఇత్తడి ఉక్కుకంటె హెచ్చుగా సాగునని గ్రహించి, హారిసన్ ఆ రెండు లోహముల కడ్డీలను ప్రక్కప్రక్కన కూర్చి, ఒకదాని సాగుడును మరియొకటి సరిపుచ్చునట్లు లోలకమును చేసెను. దాని నెట్లు పరీక్షించెను? తన కిటికీ అంచునుండి చూచుచు, పొరుగింటి పొగగొట్టము వెనుక ఒక నక్షత్రము మరుగుపడు క్షణమును రాత్రి రాత్రికి గుర్తించుచుండెను. నక్షత్రము ప్రతిరాత్రియు ముందటి రాత్రికంటె 3 నిమిషముల 56 సెకండ్లు ముందుగా మరుగుపడును. ఆకాశమే అతనికి మేటి గడియారమయ్యెను.

ఇంత సూక్ష్మత యెందులకని మా విద్యార్థులు అడుగవచ్చును. భూమి 24 గంటలలో 360 అంశలు తిరుగును. అనగా రేఖాంశమున ఒక్కొక్క అంశకు 4 నిమిషముల భేదము. విశాఖపట్టణమున సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు 19 నిమిషములకు గాని నంద్యాలకు మధ్యాహ్నము కాదు. ఆళ్లగడ్డ నంద్యాలకు దాదాపు సూటిగా దక్షిణముననుండుటచే ఆ రెండూళ్ల మధ్యాహ్నములకు కొన్ని సెకండ్ల భేదమే కలదు. కావున నడిసముద్రమున నున్న నావికుడు స్వదేశపు వేళను తప్పక నెరిగినచో, తానున్న చోటి మధ్యాహ్నముతో పోల్చి తన రేఖాంశమును కట్టగలడు. వేళ తప్పినచో త్రోవయు తప్పును. 1707లో ఆంగ్ల నౌకాదళమునకు చెందిన నాలుగు ఓడలు త్రోవ తెలియక సిల్లీ దీవుల బండలకు తగిలి మునుగగా వేయికి పైబడిన జనులు మృతినొందిరి. 1714లో పార్లమెంటు, అర్ధాంశలోపల రేఖాంశమును నిర్ణయించు ఉపాయమునకు 20,000 పౌనుల బహుమానమును ప్రకటించెను.

లోలకము ఓడయూగుటకు నిలువదు గదా! హారిసన్ 1735లో స్ప్రింగులతో నడచు పెద్ద సముద్ర గడియారమును ముగించెను. పిమ్మట రెండవది చేసెను. మూడవదానికై సుమారు పందొమ్మిదేండ్లు శ్రమించియు తృప్తినొందలేదు. తుదకు 1759లో, పెద్ద యంత్రములను విడిచి, అయిదంగుళములకు కొంచెము మించిన వెడల్పుగల నాలుగవ గడియారమును పూర్తిచేసెను.

1761లో హారిసన్ కుమారుడు విలియము దానిని తీసికొని జమైకాకు ఓడనెక్కెను. బయలుదేరుటకు ముందే అది దినమునకు రెండున్నర సెకండ్లకు పైగా వెనుకబడుచున్నదని లెక్కించి ప్రకటించిరి. ఆ లెక్కను కలిపి చూడగా, 81 దినములలో అది 5 సెకండ్లే తప్పెను! గడియారము తప్పదని వారు బొంకలేదు. ఎంత తప్పునో ముందుగా చెప్పి, ఆ మాట నిలువబెట్టుకొనిరి.

అయినను పరీక్షాధికారులు జమైకా రేఖాంశమే సరిగా తెలియదని ఆక్షేపించిరి. 1764లో బార్బడోసునకు రెండవ యాత్ర జరుపగా, అనుమతించిన 2 నిమిషములకు బదులు 39 సెకండ్లే తప్పెను. 1765లో గడియారపు రహస్యమును వివరించిన మీదటనే సగము సొమ్మునిచ్చిరి. వృద్ధుడగు హారిసన్ అయిదవ గడియారమును చేసెను. 1772లో మూడవ జార్జి రాజు దానిని స్వయముగా పరీక్షించి మెచ్చుకొనెను. 1773లో పార్లమెంటు 8,750 పౌనులనిచ్చెను. 1775లో కెప్టెను కుక్ ఆ నాలుగవ గడియారమునకు ప్రతిగా చేసిన దానితో దూరయాత్ర ముగించి, దానిని కొనియాడుచు మరలివచ్చెను. హారిసన్ 1776 మార్చి 24న కన్నుమూసెను.

మన డిజిటల్ గడియారమున లోలకమునకు మారుగా చిన్న క్వార్ట్జు స్ఫటికము కలదు. అది సెకండునకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను పదునైదు మారులు సగము చేసిన ఒకటి వచ్చును. దానికిని శత్రువు ఉష్ణమే. సాధారణముగా 25 డిగ్రీలయొద్ద సరిగా నడచు స్ఫటికము, 45 డిగ్రీల వేడిలో దినమునకు సెకండునకు కొంచెము మించి వెనుకబడును. కావున నంద్యాల వేసవిలో గడియారమును ఎండతగులు కిటికీలో నుంచుటకంటె చేతికి ధరించుటయే మేలు. దేహపు వేడి దానిని ఇంచుమించు ఒక్క తీరుననుంచును.

దిద్దగోరువారు మొదట కొలువవలెను. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారములతో కాపాడు భారత ప్రమాణకాలముతో, నిత్యము ఒకే వేళ పోల్చి, పది దినములు వ్రాసికొనుడు. పది దినములలో 12 సెకండ్లు ముందునకు పోయినచో, దినమునకు 1.2 సెకండ్లు హెచ్చు. కొన్ని గడియారములలో స్ఫటికము ప్రక్కన ట్రిమ్మరను చిన్న మర యుండును. నేర్పరియగు గడియారపు పనివాడు దానిని వెంట్రుకవాసి త్రిప్పి నడకను సరిచేయగలడు. పిమ్మట మరల పది దినములు కొలువవలెను. పెక్కు గడియారములకు ఆ మర యుండదు. అట్టివారు విచారింపనక్కరలేదు: విలియమువలె దినపు భేదమును లెక్కగట్టి తీసివేసినచో సరియైన వేళ చేతికి వచ్చును.

తప్పులేని గడియారమును హారిసన్ కూడ చేయలేదు. తన పనిలోని తప్పును దాచక, దానిని కొలుచుటకు నలుబదియేండ్లకు పైగా వెనుదీయలేదు. గడియారమునకే గాక, దానిని ధరించు విద్యార్థికిని ఈ పద్ధతి తగియున్నదని మేము తలంచుచున్నాము.