పనివాని మనస్సు నెరిగిన పండితుడు: ఎల్టన్ మేయో

పనిచేసే చేతులను చూచినవారు లోకంలో కోకొల్లలు. ఆ చేతుల వెనుక ఒక మనస్సు ఉన్నదనీ, దానికి కూడ అలసట, దిగులు, ఒంటరితనం ఉంటవనీ, వాటిని శాస్త్రదృష్టితో పరిశీలించి ఉపశమింపజేయవచ్చుననీ గ్రహించినవారు కొద్దిమంది మాత్రమే. అట్టి కొద్దిమందిలో జార్జ్ ఎల్టన్ మేయో ఒకరు. ఆయన ఆస్ట్రేలియాలో జన్మించి, అమెరికాలో పేరుగాంచి, ఇంగ్లండులో కన్నుమూసినారు. వాణిజ్యశాస్త్రం చదివే మా విద్యార్థులకు ఆయన పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మాత్రమే పరిచితులు. ఆ పేరా వెనుక నున్న మనిషిని పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం. తెలుగు బోధించే మాకు కర్మాగారాల మనశ్శాస్త్రంతో ఏమి పని అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. ఆ కారణం చివర విన్నవించుకొంటాము.

మేయో 1880 డిసెంబరు 26వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో జన్మించినారు. వారిది చదువుకొన్న కుటుంబం. తాతగారు వైద్యులు. అక్క హెలెన్ మేయో వైద్యవిద్యను దిగ్విజయంగా ముగించి, తల్లుల, పసిబిడ్డల ఆరోగ్యానికై పాటుపడి దేశంలో కీర్తి గడించినారు. తమ్ములలో ఒకరు న్యాయమూర్తి కాగా, మరొకరు శస్త్రవైద్యులైనారు. ఇట్టి ఇంట పుట్టిన మేయో కూడ వైద్యుడు కావలెనని పెద్దలు ఆశించుట సహజమే.

కాని ఆ ఆశ ఫలింపలేదు. అడిలైడ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరి ఆయన పరీక్ష తప్పినారు. పిదప స్కాట్లండులోని ఎడింబరోకు పంపినారు. అక్కడా చదువు సాగలేదు. లండనులోని వైద్యకళాశాలలో చేరి దానినీ మధ్యలోనే విడిచినారు. మూడు నగరాలు, మూడు కళాశాలలు, చేతిలో పట్టా మాత్రం లేదు. 1903లో పశ్చిమాఫ్రికాలోని ఒక గనుల సంస్థలో ఉద్యోగానికి వెళ్ళి, కొద్దికాలానికే లండనుకు తిరిగివచ్చినారు. పత్రికలకు వ్యాసాలు వ్రాయుచు, కార్మికులకై నడిచే ఒక కళాశాలలో ఇంగ్లీషు బోధించుచు కాలం గడిపినారు. పగలంతా పనిచేసి సాయంకాలం పుస్తకం పట్టుకొని వచ్చే శ్రమజీవులను ఆయన దగ్గరగా చూచినది అక్కడనే. 1905లో స్వస్థలం చేరి, ఒక ముద్రణాలయంలో భాగస్వామిగా చేరినారు.

ఇరువదియారేండ్ల ప్రాయంలో, 1907లో, ఆయన మరల విద్యార్థి అయినారు. ఈసారి వైద్యం కాదు, తత్త్వశాస్త్రమూ మనశ్శాస్త్రమూ. విలియం మిచెల్ అనే ఆచార్యుని శిష్యరికం ఆయన బుద్ధికి దారి చూపినది. మూడు కళాశాలలలో వైద్యవిద్య సాగని యువకుడు ఈ శాస్త్రంలో ప్రథమశ్రేణి విద్యార్థులలో ఒకడుగా నిలిచినాడు. 1911లో, అప్పుడే వెలసిన క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకులుగా నియమితులై బ్రిస్బేన్ నగరానికి వెళ్ళినారు. 1913లో డొరోతియా మెక్‌కానెల్ అను విదుషిని వివాహమాడినారు. వారికి ఇద్దరు కుమార్తెలు.

ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పినది మొదటి ప్రపంచ సంగ్రామం. యుద్ధరంగం నుండి తిరిగివచ్చిన సైనికులలో చాలమందికి పైకి గాయాలు లేవు. అయినను వారు నిద్రలో ఉలికిపడేవారు, చేతులు వణికేవి, మాట పెగిలేది కాదు. మాథ్యూసన్ అనే వైద్యునితో కలిసి మేయో అట్టివారిని పరీక్షించినారు. వారు చెప్పుకొనేది ఓపికగా విన్నకొలది వారికి స్వస్థత చేకూరుట గమనించినారు. వైద్యుని పట్టా పొందలేని మనిషికి వైద్యంలోని ఒక రహస్యం ఇట్లు చేజిక్కినది. పోరాడే సైనికుని మనస్సు దెబ్బతినగలిగినట్లే, యంత్రం ముందు ఏండ్ల తరబడి నిలబడే కార్మికుని మనస్సు కూడ దెబ్బతినునేమో అన్న ఆలోచన ఆయనను వెంటాడినది.

1919లో ఆచార్యపదవి లభించినను, 1922లో ఆయన సెలవు పెట్టి అమెరికాకు ఓడ ఎక్కినారు. చేతిలో సొమ్ము అంతంతమాత్రమే. తుదకు రాక్‌ఫెల్లర్ నిధుల సహాయంతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు అవకాశం దొరికినది. ఫిలడెల్ఫియా నగరంలోని ఒక వస్త్రాల మిల్లు ఆయనకు తొలి పరీక్షాస్థలమైనది.

ఆ మిల్లులో తక్కిన శాఖలన్నిటిలో పనివారు నిలకడగా ఉండగా, నూలువడికే ఒక శాఖలో మాత్రం ఎవరూ నిలిచేవారు కారు. నలుబదిమందిని నిలుపుకొనుటకు ఏడాదికి నూరుమందిని చేర్చుకొనవలసి వచ్చేది. కూలి పెంచు పథకాలు నాలుగు పెట్టి చూచినారు. ప్రయోజనం కలుగలేదు. మేయో అక్కడికి పోయి పనిని చూచినారు. పనివారు రోజుకు పదిగంటలు యంత్రాల నడుమ సందులో అటు ఇటు నడచుచు, తెగిన దారాలను ముడివేయుచుండిరి. కాళ్ళ నొప్పులు ఒక బాధ. ప్రక్కవానితో ఒక మాటైన ఆడుటకు వీలులేకపోవుట రెండవ బాధ. మనస్సులో నల్లని తలపులు ముసరి, ఏదో ఒకనాడు చిన్న కారణానికే పని మానుకొని పోయేవారు.

మేయో సూచించిన మందు చాల సామాన్యమైనది. ఉదయం రెండుమార్లు, మధ్యాహ్నం రెండుమార్లు, పదేసి నిమిషాలు విశ్రాంతి. ఆ సమయంలో పనివారు నడుము వాల్చవచ్చును. మొదట మూడవవంతు మందికే ఈ సౌకర్యం కల్పించినారు. వారి ముఖాలు తేటపడినవి. ఆశ్చర్యమేమనగా, విశ్రాంతి ఇంకను అందనివారిలో కూడ ఉత్సాహం కనిపించినది. క్రమంగా అందరికీ వర్తింపజేసినారు. అంతవరకు ఎన్నడూ అందుకొనని బోనసును ఆ శాఖవారు తొలిసారి అందుకొన్నారు. ఒకమారు సరకు త్వరగా కావలసివచ్చి పై ఉద్యోగి విశ్రాంతిని రద్దుచేయగా, ఉత్పత్తి పెరుగుటకు మారుగా కొద్దిరోజులలోనే పడిపోయినది. అప్పుడు మిల్లు అధ్యక్షుడే కలుగజేసుకొని విశ్రాంతిని పునరుద్ధరించినారు. ఎవరు ఎప్పుడు విశ్రమించవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ కూడ పనివారికే ఇచ్చినారు. ఏడాది తిరుగునప్పటికి ఆ శాఖను విడిచిపోవువారి సంఖ్య తక్కిన శాఖలతో సమానమైనది. ఇది పదినిమిషాల పడక మహిమ మాత్రమే కాదనీ, తమ గోడును ఒకరు విన్నారనీ, తమ మాటకు విలువ ఉన్నదనీ పనివారికి కలిగిన నమ్మకమే ముఖ్యకారణమనీ మేయో అనేక సంవత్సరాల తరువాత గ్రహించినారు.

1926లో ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని వాణిజ్య విద్యాలయానికి వెళ్ళినారు. ఆయన పేరుతో విడదీయరానట్లు ముడిపడిన హాథార్న్ ప్రయోగాల కథ ఇక్కడ ఆరంభమగుచున్నది. షికాగో దాపున సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథార్న్ కర్మాగారం టెలిఫోను పరికరాలను తయారుచేసేది. దీపాల వెలుతురు హెచ్చించినచో పని హెచ్చునా అని 1924 నుండి అక్కడ పరీక్షలు జరిగినవి. ఫలితాలు చిక్కుముడిగా ఉండినవి. వెలుతురు హెచ్చించినను పని పెరిగినది, తగ్గించినను వెంటనే తగ్గలేదు. 1927లో ప్రత్యేకమైన గదిలో కొద్దిమంది యువతులను కూర్చుండబెట్టి, ముప్పదికి పైగా చిన్న చిన్న భాగాలను కూర్చి రిలే అనే పరికరాన్ని తయారుచేయించుచు, విశ్రాంతి వేళలను, పనిగంటలను మార్చి మార్చి చూచినారు. సౌకర్యాలు కల్పించినప్పుడు ఉత్పత్తి పెరిగినది. తీసివేసి పాత పద్ధతికి వచ్చినప్పుడు కూడ మునుపటి స్థాయికి దిగజారలేదు. దీని అర్థమేమో చెప్పుడని 1928లో మేయోను పిలిచినారు.

అటుపిమ్మట జరిగిన కార్యమే మా దృష్టిలో అన్నిటికంటె గొప్పది. 1928 మొదలు 1930 వరకు ఆ కర్మాగారంలో ఇరువదియొక్క వేలమందికి పైగా పనివారితో మాట్లాడినారు. తొలుత ముందుగా వ్రాసుకొన్న ప్రశ్నలు అడిగినారు. పనివారు ఆ ప్రశ్నలను ప్రక్కకు నెట్టి తమ బాధలే చెప్పుకొన్నారు. అంతట పద్ధతి మార్చినారు. అడుగుట తగ్గించి, వినుట నేర్చినారు. తర్కించరాదు, తీర్పు చెప్పరాదు, సలహా ఇచ్చుటకు తొందరపడరాదు. ఒక స్త్రీకి తన పై ఉద్యోగి అన్నచో అకారణమైన అయిష్టం. మాట్లాడుచుండగానే ఆమెకే తోచినది, ఆయన పోలికలు తన సవతి తండ్రి పోలికలని. మరియొకామె భోజనశాలలోని తిండిని గూర్చి ఫిర్యాదు చేసి, కొద్దిదినాల తరువాత తిండి బాగుపడినదని కృతజ్ఞతలు తెలిపినది. వాస్తవానికి ఆ ఫిర్యాదును ఎవరికీ చేరవేయనేలేదు. మనస్సులోని బరువు దిగగా అన్నం రుచించినది!

ఆయన 1933లోను, 1945లోను ప్రచురించిన గ్రంథాలు పారిశ్రామిక నాగరకతలో మానవుని సమస్యలను చర్చించినవి. మనిషి కూలికొరకు మాత్రమే పనిచేయడనీ, తోటివారితో కలిసిమెలిసి ఉండవలెనను కోరిక అతనిలో బలమైనదనీ, ఆ బంధం తెగినచోట జబ్బులు, గైరుహాజరు, కలహాలు పెరుగుననీ వాటి సారాంశం.

ఐతే జీవితచరిత్ర వ్రాయువారు స్తోత్రపాఠకులు కారాదు. మేయో కృషిపై విమర్శలు బలమైనవే. రిలే గదిలోని యువతులలో ఇద్దరిని, మాటలు ఎక్కువ, పని తక్కువ అన్న కారణంతో 1928 ఆరంభంలో తొలగించి వేరొకరిని కూర్చుండబెట్టినారు. వారికి కూలి లెక్కించు పద్ధతి కూడ మార్చినారు. కనుక ఫలితాలన్నీ ఆదరణకే ఆపాదించుట సరికాదు. దీపాల ప్రయోగాల మూలలెక్కలను 2011లో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు తిరిగి పరిశీలించి, లోకంలో ప్రచారమైన కథకు వాటిలో తగినంత ఆధారం లేదని తేల్చినారు. అన్నిటికంటె ముఖ్యమైన ఆక్షేపణ మరొకటి. మేయో కార్మిక సంఘాలను పెద్దగా పట్టించుకొనలేదు. పనివాని గోడు విని, కూలిని గాని అధికారాన్ని గాని పంచకుండ ఊరట మాత్రమే కలిగించుట వైద్యమా, లేక జోకొట్టుటయా? తిండి బాగుపడినదని మురిసిన స్త్రీ ఉదంతాన్ని ఈ దృష్టితో మరల చదివినచో మనస్సు కలుక్కుమంటుంది. ఆమె ఫిర్యాదు నిజమే ఐనచో, ఆ తిండి అట్లే ఉండిపోయినది కదా! వినుట సగం ధర్మం మాత్రమే, విన్నదానిని సరిదిద్దుట తక్కిన సగం అని మా అభిప్రాయం.

మేయో నాటిన విత్తు ఇతరుల చేతిలో మరింత సారవంతమైనది. 1953లో ఎ. కె. రైస్ అహమ్మదాబాదు మిల్లులలో నేతపనివారిని చిన్న బృందాలుగా ఏర్పరచి, పనిపై వారికే బాధ్యత ఇచ్చి సత్ఫలితాలు చూపినారు. మన తెలుగునేలపై కాకినాడ వ్యాపారులకు 1964లో హార్వర్డ్ ఆచార్యుడు మెక్‌క్లెలండ్ పర్యవేక్షణలో హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణసంస్థ మనశ్శాస్త్ర ఆధారమైన శిక్షణ ఇచ్చినది. 1967లో మొదలైన పరిశోధనలో బ్రిటిషు ప్రభుత్వోద్యోగులను పరిశీలించగా, పై మెట్టువారికంటె క్రింది మెట్టువారే గుండెజబ్బులతో ఎక్కువగా మరణించుచున్నట్లు తేలినది. పని ఒత్తిడి హెచ్చుగా ఉండి, ఆ పనిపై తనకు స్వేచ్ఛ లేనప్పుడు దేహం కూడ క్రుంగునని 1979లో కారసెక్ సిద్ధాంతీకరించినారు. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పనిచోట మానసికారోగ్యాన్ని గూర్చి మార్గదర్శకాలను ప్రకటించి, పనివారిని మాత్రమే కాక పని పద్ధతినే చక్కదిద్దవలెనని సూచించినది.

మేయో 1947లో హార్వర్డ్ నుండి విరమించి ఇంగ్లండు చేరినారు. అప్పటికే ఆరోగ్యం క్షీణించినది. 1949 సెప్టెంబరు 7వ తేదీన సర్రే మండలంలోని గిల్‌ఫర్డ్‌లో కన్నుమూసినారు. వైద్యుడు కాలేక పోయినాడని ఒకప్పుడు ఇంటివారు విచారించిన మనిషి, కర్మాగారాలకే నాడి పట్టి చూచి వెళ్ళినారు.

ఇక మా కారణం. రెండేండ్ల క్రిందట మా వద్ద డిగ్రీ చదివిన ఒక విద్యార్థిని పొరుగు రాష్ట్రంలోని ఒక కర్మాగారంలో పనికి కుదిరి, ఎనిమిది నెలలకే చంద్రగిరికి తిరిగివచ్చినది. ఇంటిలో కుట్టుమిషను త్రొక్కే తల్లికి ఆ జీతం ఎంత అవసరమో మాకు తెలియును. ఎందుకు వచ్చితివని అడుగగా, ఆమె కూలి చాలదని అనలేదు, పని కష్టమని అనలేదు. ఎనిమిది నెలలలో తనను అక్కడివారు అంకెతో తప్ప పేరుతో పిలువలేదని చెప్పినది. ఆమె వెళ్ళిన తరువాత మేము మా హాజరుపట్టీని తెరచి చాలసేపు చూచినాము. ఆ అమ్మాయిని మూడేండ్లు మేము కూడ అంకెతోనే పిలిచినాము. పేరు వెనుక నున్న ఇంటిని, ఆకలిని, భయాన్ని ఒక్కనాడైన అడిగినవారము కాము. ఆ రాత్రినుండియే మేయోను గూర్చి చదువసాగినాము.

ఈ సంవత్సరం నుండి మేము హాజరు పేర్లతోనే పిలుచుచున్నాము. ఐదు నిమిషాలు ఎక్కువ పట్టుచున్నది. కళాశాల సంఘంవారికి మా విన్నపం ఒక్కటే. వారానికి ఒక గంట, పాఠం లేని గంటగా, విద్యార్థి చెప్పుకొనునది అధ్యాపకుడు వినుటకై కేటాయింపవలెను. విన్నదానిలో సరిదిద్దదగినది సంఘం ముందుకు రావలెను. విద్యార్థులకు మా మాట ఇది. పరీక్ష తప్పినంతమాత్రాన మీ మార్గం మూసుకొనదు. మూడు కళాశాలలలో చదువు సాగనివాని జీవితమే ఇంతవరకు మీరు చదివినది. రేపు మీలో కొందరు పనివారు కాగలరు, కొందరు పనిచేయించువారు కాగలరు. పనిచేయించు స్థానంలో కూర్చున్ననాడు, ఎదుట నిలిచినవాని పేరు తెలిసికొని, వాని మాట చివరివరకు వినండి.