ఫ్లారెన్సు నైటింగేలు: ఆసుపత్రి మరణముల లెక్క

ఆసుపత్రిలో రోగి మరణించిన వార్త మన కర్నూలు, కడప పట్టణములలో సాయంకాలములోపల బజారు చేరును. చేరునప్పటికి ఒక మరణము నాలుగు మరణములగును. పాలకవర్గమువారు మాత్రము నోరు విప్పరు. విప్పినను అంతయు సవ్యముగానే యున్నదని చెప్పి యూరకుందురు. ఇది దుర్మార్గముచేత కాదు. ఆసుపత్రులకు ధర్మకర్తలుగా నుండువారిలో పెక్కురు మర్యాదస్థులు, భూవసతి గలవారు, వర్తకులు. నిజము చెప్పినచో చందాదారులు చెదరిపోవుదురనియు, రోగులు రాకపోవుదురనియు వారి భయము. ఈ భయమును జీవితమంతయు ఎదిరించిన స్త్రీ యొకతె కలదు.

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని విద్యావంతుడుండడు. చేత దీపము పట్టుకొని రాత్రివేళ రోగుల మంచములమధ్య తిరిగిన దయామయిగా ఆమెను గూర్చి బాల్యమున చదివితిమి. ఆ దీపముకంటె ఆమె చేతిలోని అంకెల పట్టీయే ఇంగ్లాండు మంత్రులను ఎక్కువగా కలవరపెట్టినదని ఎఱిగినవారు తక్కువ. మన కఱవుసీమను గూర్చి ఆమె వ్రాసినదని ఎఱిగినవారు అంతకంటె తక్కువ.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తల్లిదండ్రులు సంపన్నులు. తండ్రి ఆమెకు గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. గణితమునం దామెకు చిన్ననాటినుండియు మక్కువ. రోగులకు పరిచర్య చేయుట కులస్త్రీలకు తగదని ఇంటివారు చాలకాలము అడ్డుపడిరి. ఆమె పట్టు విడువలేదు.

1854లో క్రిమియా యుద్ధము వచ్చెను. గాయపడిన సైనికులు దిక్కులేక పడియున్నారని లండను టైమ్సు పత్రిక విలేఖరులు వ్రాసిరి. అధికారులు లేదనిరి. పాఠకులు ధనము పంపగా, ఆ నిధిని తీసికొని టైమ్సు ప్రతినిధి తుర్కీకి పోయెను. ఆసుపత్రులకు ఏ కొఱతయు లేదనియు, ఆ సొమ్ముతో పెరా పేటలో నొక చర్చి కట్టించవచ్చుననియు బ్రిటిషు రాయబారి సలహా చెప్పెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ సమయమున స్కుటారి ఆసుపత్రిలో పక్కబట్టలు లేవు, శుభ్రమైన చొక్కాలు లేవు, మరుగుదొడ్లు పొంగి పొరలుచుండెను.

యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్టు కోరగా నైటింగేలు 38మంది స్త్రీలను వెంటబెట్టుకొని 1854 నవంబరు 4వ తేదీన స్కుటారి చేరెను. వంటశాలను సరిచేసెను, బట్టలుతుకు నేర్పాటు చేసెను, సామానులకు పట్టీలు వ్రాసెను. ఆమె పాటుపడుచుండగానే మరణములు పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో చేరినవారిలో నూటికి నలుబది యిద్దరు చనిపోయిరి. మార్చిలో ఆరోగ్యసంఘమువారు వచ్చి ఆ భవనము క్రింద పూడిపోయిన మురుగు కాలువలను తీయించి, త్రాగునీటి గొట్టములను శుభ్రపఱచి, గదులకు గాలి వచ్చునట్లు చేసిరి. జూనునాటికి మరణములు నూటికి రెండుకు దిగివచ్చెను. ఇంగ్లాండులో చిత్రపత్రికలు దీపముతో నిలిచిన ఆమె బొమ్మను వేసి ఇంటింట పూజ నడిపించినవి. ఆమె 1856 ఆగస్టులో మిస్ స్మిత్ అను మాఱుపేరుతో, ఊరేగింపులు తప్పించుకొని, ఇల్లు చేరెను.

అసలు జీవితము అచ్చటనుండియే ప్రారంభము. గణాంకవేత్త విలియము ఫార్‌తో కూడి సైన్యపు పుస్తకములను పరిశీలింపగా ఒక కఠినసత్యము తేలెను. ఆ యుద్ధములో వేలకొలది సిపాయిలు శత్రువుల గుండ్లచేత గాక, ఆసుపత్రుల మురికిచేత చనిపోయిరి. 1855 జనవరిలో గాయములచేత మరణించినవారు 83మంది. నివారింపదగిన అంటురోగములచేత మరణించినవారు 2,761మంది. యుద్ధభూమికి దగ్గరనున్న ఆసుపత్రులకంటె ఆమె స్వయముగా పరిచర్య చేసిన స్కుటారిలోనే మరణము లెక్కువ. లోకమంతయు దేవతగా కొలుచుచున్న కాలమున, తన ఆసుపత్రియే వల్లకాడైనదని ఆమె గ్రహించెను.

ఇంకొకరైనచో ఆ కాగితములను పెట్టెలో పెట్టియుందురు. ఆమె వానికి బొమ్మ గీసెను. పన్నెండు నెలలకు పన్నెండు ముక్కలుగా విచ్చుకొన్న చక్రమొకటి: అంటురోగముల మృతులకు నీలము, గాయముల మృతులకు ఎఱుపు, తక్కినవారికి నలుపు. అంకెలు చదువలేని మంత్రియైనను ఆ నీలపు రెక్క యెంత పెద్దదో చూడగలడు. ఆమె నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. 1858లో తానే అచ్చు వేయించి పలుకుబడిగల వారికి పంపెను. పత్రికారచయిత్రి హారియెట్ మార్టినోకు చేర్పగా, ఆమె 1859లో గ్రంథముగా వ్రాసి ఆ సంగతులను సామాన్యులకు తెలిపెను. ఆసుపత్రి తప్పును ఆసుపత్రి నడపినవారే ముందుగా చెప్పుటయన్న నిది.

ఆ యేడే ఆసుపత్రుల నిర్మాణ, నిర్వహణములను గూర్చి ఆమె గ్రంథము వెలువడెను. 1860లో లండనున జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభయందు ఒక మాదిరి పత్రమును ప్రతిపాదించెను: ఎందఱు చేరిరి, ఏ రోగముతో చేరిరి, ఎన్ని దినము లుండిరి, ఎందఱు నయమై పోయిరి, ఎందఱు నయము గాకయే పోయిరి, ఎందఱు మరణించిరి. అన్ని ఆసుపత్రులును ఒకే పత్రము నింపినచో నొకదాని నింకొకదానితో పోల్చవచ్చును. మరణించువానిని ముందురోజున ఇంటికి పంపివేసి లెక్క తగ్గించుకొను ఆసుపత్రులు కలవని ఆమె యెఱుగును. అందుచేతనే నయముగాక పోయినవారి వరుసను విడిగా పెట్టుమనెను. మన ధర్మకర్తలు ఈ యొక్క వరుసను తమ యేటి నివేదికలో ఎన్నడైన అచ్చు వేయించిరా?

ఐనను ఆమె తప్పు చేయకపోలేదు. 1863లో ఆ గ్రంథమును తిరుగవ్రాసినపుడు ఫార్ కూర్చిన పట్టిక నొకదానిని చేర్చెను. దాని ప్రకారము లండనులోని 24 ఆసుపత్రులలో 1861 ఏప్రిలున నొకనాడున్న రోగులు 4,214మంది. ఆ యేటి మరణములు 3,828. అనగా నూటికి తొంబదికి పైగా. ఇది ఎట్లున్నదనగా, ఒక రాత్రి దొడ్డిలోనున్న గొఱ్ఱెలను లెక్కపెట్టి, ఏడాది పొడుగున చచ్చిన గొఱ్ఱెలను వానితో పోల్చినట్లున్నది. ఒక్కొక్క మంచముమీద ఏడాదికి పదిమంది మాఱినచో మరణములు నూటికి తొంబది గావు, తొమ్మిదియే. లండను వైద్యులు, వైద్యపత్రికలు ఆమెపై విరుచుకొనిపడిరి. ఈ విషయమున వైద్యుల పక్షమే న్యాయమని మా యభిప్రాయము. కాని ఆ కలహములో వైద్యులు తమ నిజమైన లెక్కలను బయటపెట్టక తప్పలేదు. 2020లో కోవిడు వ్యాధి వచ్చినపుడు తొలినెలలలో రాష్ట్రమున మిక్కిలి బాధపడిన జిల్లాలలో కర్నూలొకటి. అంకెలు ప్రతిదినము వెలువడెను. ఏ అంకెను దేనితో భాగించినదియు తెలియని జనులకు భయమే మిగిలెను. అంకె చెప్పిన చాలదు, లెక్క చేసిన తీరును గూడ చెప్పవలెను.

ఇండియాకు ఆమె యెన్నడును రాలేదు. 1857నుండి రోగముచేత మంచము పట్టి, ఆ మంచమునుండియే దండులన్నిటికిని ప్రశ్నపత్రములు పంపించి, బళ్లారి, సికిందరాబాదు మొదలగు చోట్లనుండి సమాధానములు తెప్పించెను. ఇచ్చట ఆంగ్లసిపాయిలు ఏటేట వేయికి 69మంది చనిపోవుచుండిరని 1863లో రాచవిచారణ సంఘము తేల్చెను. పార్లమెంటువారికి పంచిన చిన్న ప్రతిలోనుండి ఆమె వ్యాఖ్యలు తొలగింపబడినవి. ఆమె వెంటనే వానిని వేఱుగా అచ్చొత్తించెను.

సిపాయిల ఆరోగ్యముతో ప్రారంభించిన ఆమె దృష్టి క్రమముగా రైతుమీదికి తిరిగెను. 1876–78 కఱవు మన జిల్లాల నుసురు తీసినది. 1871 జనాభాలెక్కకు 1881 లెక్కకు నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవవంతు తఱిగెను. సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలునుండి కడపవఱకు త్రవ్విన కాలువ 1871నాటికే పూర్తియైయుండెను; అట్టి కాలువ లింకెన్నియో కావలసియుండెను. రిచర్డు టెంపులు సహాయపు పనులలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయే చాలుననెను. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు ఆ తిండితో మనుష్యుడు బ్రతుకడని లెక్కలతో బహిరంగముగా వాదించెను. 1877లో ఆ కూలిని పెంచవలసివచ్చెను. ఆరోగ్యాధికారి ప్రభుత్వపు మాటకు లోబడక ప్రజలముందు అంకెలు పెట్టిన సందర్భము మన సీమ చరిత్రలోనే యున్నది.

నైటింగేలు ఆర్థరు కాటను పక్షము వహించి, రైళ్లకంటె నీరు ముందు కావలెనని వాదించెను. 1878 ఆగస్టులో లండను మాసపత్రిక యొకదానిలో, ఐదాఱు మిలియనుల జనులు నశించిరనియు, తన దేశీయులకు ఇండియా ప్రజలయెడల లక్ష్యమే లేదనియు వ్రాసెను. సాహుకారి వడ్డీని, ఉప్పుపన్నును గూడ ఆమె విడువలేదు. సామ్రాజ్యమునే కాదనినది గాదు. దాని వారిచేతనే దానికి లెక్క చెప్పింపజూచెను. ఆ హద్దు మన మెఱిగియే ఆమెను గౌరవింపవలెను.

1893లో గ్రామములయందలి ఆరోగ్యోపన్యాసములను గూర్చి వ్రాయుచు ఆమె చెప్పిన సంగతి మన సభ్యులు గమనింపదగినది. కాగితములు పంచిన చాలదు. చెప్పువాడు పల్లెకు పోయి, ఇల్లిల్లు చూచి, బావి చూచి, ఆ యూరివారి భాషలో, వారి పెద్దల యెదుట మాటలాడవలెనని ఆమె తలంపు.

చివరి యేండ్లలో చూపు పోయెను. 1907లో రాజు ఇచ్చిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమును స్త్రీలలో మొదట పొందినది ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన మరణించెను. వెస్టుమినిస్టరు మఠములో సమాధి చేయుదుమని ప్రభుత్వము తెలుపగా, ఆమె కోరిక ననుసరించి బంధువులు వలదని, ఈస్టు వెల్లో అను పల్లెలో తల్లిదండ్రులచెంత పూడ్చిరి. అచ్చటి రాతిమీద పేరు లేదు. పేరులోని రెండు పొడియక్షరములు, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ మాత్రమే చెక్కియున్నవి.