తోలు మూటతో బయల్దేరిన యర్రగుంట్ల పేరయ్య

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు మాదిగపల్లెల్లో క్రైస్తవం ఎలా వచ్చిందంటే అందరూ క్లౌ దొర పేరే చెబుతారు. ఆ దొర 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడకముందే ఒక మాదిగ తోళ్ల వ్యాపారి ఏలూరు దాకా వెళ్లి ఆ మాట విని వచ్చాడు. ఆయనే యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు.

పేరయ్యను మేము మొదట వ్యాపారిగానే చూస్తాం. ఊళ్లో మాదిగ పని అంటే రైతు బావికి కపిల బాన, కాళ్లకు చెప్పులు, గొడ్లకు పగ్గాలు. ప్రతిఫలం కళ్లంలో కొలిచే గింజలు. పనితనం ఎంతున్నా దానికి ధర కట్టేది మాత్రం రైతే. తోళ్లు మూటగట్టి ఉత్తరాదికి తీసుకెళ్లినవాడికి బేరమాడే చోటు దొరికింది. దాంతోపాటు నాలుగూళ్ల కబుర్లూ తెలిశాయి. అంతకుముందే రాజయోగం సాధన చేసిన మనిషి కాబట్టి కొత్త మాటను ఊరికే నమ్మలేదు, ఆలోచించి తీసుకున్నాడు. 1899లో ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం ఆయన కథ చెప్పింది. అది మిషనరీ ఇంటి నుంచి వచ్చిన పుస్తకం కాబట్టి అందులో వ్యాపారి కంటే భక్తుడే పెద్దగా కనబడతాడు.

1876-78 కరువులో గింజలు కొలిచే కళ్లాలే లేకుండా పోయాయి. యువకుడిగా ఉన్నప్పుడు అమెరికాలో భూముల సర్వే పని నేర్చిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది మాదిగలు అక్కడ తట్టా పారా పట్టి కూలి డబ్బు చేత్తో అందుకున్నారు. అన్నం కోసం మతం మారారనే నిందకు ఒక్క మాట: కరువు పని సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

తర్వాతి దశాబ్దాల్లో మద్రాసు రేవు నుంచి తోళ్ల ఎగుమతి బాగా పెరిగింది. పేరయ్య నడిచిన దారిలోకి పెద్ద వర్తకులు, టానరీల యజమానులు వచ్చారు. తోలుకు మంచి ధర రాగానే, చచ్చిన గొడ్డు తోలును ఇన్నాళ్లూ మాదిగలకు వదిలేసిన రైతులు దాన్ని అమ్ముకోవడం మొదలుపెట్టారు. పని తెలిసిన చేతులు ముడిసరుకు కొనుక్కోవాల్సి వచ్చింది.