గ్రెచ్చియో కొండమీద పశువుల తొట్టి
(అస్సీసీ ఫ్రాన్సిస్ జీవితం)



డిసెంబరు నెల గోడపత్రికకి ఒక మహనీయుని జీవితం రాసే పని నాకు వచ్చింది. మన హాస్టల్లో క్రిస్మస్ చేసుకునేవాళ్ళు ఉన్నారు, చేసుకోనివాళ్ళమూ ఉన్నాం. స్టార్ కట్టడం, కేకు, కొత్త బట్టలు, ఇవి అందరికీ తెలుసు. కాని ఆ పండగ లోపల ఏముంది, క్రైస్తవులకి అది ఎందుకంత పెద్దది అనేది నాకు ఒక మనిషి బతుకు చదివాకే అర్థమైంది. ఆయన పేరు ఫ్రాన్సిస్. ఇటలీ దేశంలో అస్సీసీ అనే ఊరు. చనిపోయి సుమారు 800 ఏళ్ళు.

ఫ్రాన్సిస్ 1181-82 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి పియెత్రో బట్టల వ్యాపారి, బాగా డబ్బున్నవాడు. తల్లి పేరు పీకా. బాప్తిస్మంలో యోహాను అని పేరు పెట్టారు గాని, ఫ్రాన్సు దేశానికి వ్యాపారానికి వెళ్ళి వచ్చిన తండ్రి కొడుకుని ఫ్రాంచెస్కో అని పిలిచాడు. అదే నిలిచిపోయింది. కుర్రతనంలో ఈయన మనం అనుకునే సాధువులాంటివాడు కాదు. మంచి బట్టలు, స్నేహితులు, విందులు, రాత్రిళ్ళు వీధుల్లో పాటలు. గుర్రం ఎక్కి యుద్ధాల్లో పేరు తెచ్చుకోవాలని ఒకటే ఆశ. 1202లో పక్క ఊరు పెరూజియాతో జరిగిన పోరులో పట్టుబడి దాదాపు ఏడాదిపాటు జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చాక చాలాకాలం జబ్బు. లేచి మళ్ళీ యుద్ధానికి బయల్దేరాడు గాని, స్పొలేతో అనే ఊరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చేశాడు. అప్పటినుంచి మనిషి మారడం మొదలైంది.

ఆ మార్పులో అన్నిటికంటే పెద్దది ఒక కుష్టురోగి దగ్గర జరిగింది. ఇప్పుడు కుష్టుకి మందులున్నాయి, పూర్తిగా నయమవుతుంది. ఆ రోజుల్లో మందు లేదు, వాళ్ళని ఊరి బయట పెట్టేవారు. ఫ్రాన్సిస్‌కి వాళ్ళంటే ఎంత అసహ్యమంటే, వాళ్ళుండే ఇళ్ళు మైళ్ళ దూరంలో కనిపించినా ముక్కు మూసుకునేవాడట. అలాంటివాడికి ఒకరోజు గుర్రంమీద పోతుంటే కుష్టురోగి ఎదురయ్యాడు. గుర్రం దిగాడు. డబ్బులు చేతిలో పెట్టి, ఆ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. చనిపోయేముందు రాయించిన వీలునామాలో ఆయన తన కథ మొదలుపెట్టింది ఈ కుష్టురోగుల దగ్గరనుంచే. అంతకుముందు తనకి చేదుగా ఉన్నది అప్పుడే తియ్యగా మారిందని అందులో చెప్పుకున్నాడు. ఈ గుర్రం దిగడం అనేది గుర్తుపెట్టుకోండి మిత్రులారా, ముందు పనికొస్తుంది.

తర్వాత సంగతి తండ్రీకొడుకుల గొడవ. ఊరి బయట సాన్ దమియానో అనే పాడుబడిన గుడి ఉంది. దాన్ని బాగుచేయాలని ఫ్రాన్సిస్ తండ్రి కొట్లో బట్టలు, గుర్రం కూడా అమ్మేశాడు. తండ్రి కోపంతో ఇంట్లో కట్టి పడేశాడు. తల్లి విడిపించింది. చివరికి 1206లో బిషప్పు ముందు పంచాయితీ జరిగింది. ఫ్రాన్సిస్ డబ్బు తిరిగిచ్చి, ఒంటిమీద బట్టలు కూడా తీసి తండ్రి ముందు పెట్టేసి, ఇకనుంచి పరలోకంలో ఉన్న తండ్రే తనకు తండ్రి అన్నాడు. బిషప్పు తన పై అంగీ కప్పాడు. పుస్తకాలన్నీ దీన్ని గొప్పగా రాస్తాయి. నాకైతే ఆ తండ్రిమీద కూడా జాలేసింది. ఊరందరి ముందు బట్టల మూట పట్టుకుని ఇంటికి నడిచిన మనిషి గదా ఆయన.

అక్కడినుంచి చాలా జరిగింది, త్వరగా చెబుతాను. రాళ్ళు అడుక్కుని పాత గుళ్ళు బాగుచేశాడు. కొందరు స్నేహితులు వచ్చి చేరారు. ముతక అంగీ, నడుముకి తాడు. ఆస్తి లేదు, డబ్బు ముట్టరు, కూలిపని చేసుకుని తినడం, దొరక్కపోతే అడుక్కోవడం. 1209లో రోము వెళ్తే పోపు మూడవ ఇన్నొసెంట్ వాళ్ళ బతుకు పద్ధతికి నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. తమకి వాళ్ళు పెట్టుకున్న పేరు చిన్న సోదరులు. చిన్న అంటే వయసులో కాదు, అందరికంటే తక్కువవాళ్ళం అని. 1212లో క్లారా అనే పెద్దింటి అమ్మాయి కూడా ఇదే దారిలోకి వచ్చింది, ఆమెతో ఆడవాళ్ళ మఠం మొదలైంది. 1219లో క్రైస్తవులకీ ముస్లిములకీ ఈజిప్టులో యుద్ధం జరుగుతుంటే, ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా అవతలి పక్షానికి నడిచి వెళ్ళి సుల్తాను అల్ కామిల్‌ని కలిశాడు. సుల్తాను మతం మారలేదు, ఫ్రాన్సిస్‌ని చంపనూ లేదు. మర్యాదగా మాట్లాడి క్షేమంగా పంపించాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సంవత్సరం 1223. ఫ్రాన్సిస్‌కి నలభై దాటాయి. ఒళ్ళు పాడైంది, కళ్ళ జబ్బు ముదురుతోంది. రియేతి లోయలో గ్రెచ్చియో అనే చిన్న ఊరు కొండ అంచున ఉంటుంది, చుట్టూ అడవి, రాతి గుహలు. మన కొండ ఊళ్ళలాంటిదే అనుకోండి. అక్కడ యోహాను అనే దొర ఫ్రాన్సిస్‌కి స్నేహితుడు. క్రిస్మస్‌కి పదిహేను రోజుల ముందు ఫ్రాన్సిస్ ఆయన్ని పిలిచి ఒక పని చెప్పాడు. ఒక తొట్టి కావాలి, దానినిండా ఎండుగడ్డి కావాలి, ఒక ఎద్దు, ఒక గాడిద పక్కన ఉండాలి. బేత్లెహేములో పుట్టిన ఆ బిడ్డ ఏమీ లేక ఎంత ఇబ్బంది పడ్డాడో, గడ్డిలో ఎట్లా పడుకున్నాడో తన కళ్ళతో చూడాలని ఉంది, అదీ ఆయన కోరిక.

లూకా సువార్త రెండో అధ్యాయంలో ఈ కథ ఉంది. సత్రంలో చోటు దొరకలేదు. మరియమ్మ బిడ్డని కని, గుడ్డల్లో చుట్టి, పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. కబురు మొదట అందింది రాత్రిపూట పొలంలో మందకి కాపలా ఉన్న గొర్రెల కాపరులకి. ఎద్దు, గాడిద అని లూకా రాయలేదు. యెషయా గ్రంథం మొదట్లో ఎద్దుకీ గాడిదకీ తమ యజమాని ఎవరో తెలుసు అన్న మాట ఉంది. దాన్ని బట్టి పూర్వమే క్రైస్తవులు ఆ రెంటినీ తొట్టి పక్కన చేర్చారు.

పట్నంవాళ్ళకి తొట్టి అంటే వివరించి చెప్పాలి. మనకి అక్కర్లేదు. మా ఇంట్లో గోడకి అవతల గొడ్లు, ఇవతల మేము. తొట్టి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. చెక్క అంచు గొడ్డు నాకి నాకి నున్నగా అయిపోయి ఉంటుంది. లోపల కుడితి వాసన, అడుగున నానిన గడ్డి, పైన ఈగలు. అందులో ఎవరూ పసిబిడ్డని పెట్టరు, వేరే గతి లేకపోతే తప్ప. కార్డుల్లో బొమ్మ చూస్తే తొట్టి ఉయ్యాలలాగా బంగారు రంగులో మెరుస్తుంది. ఫ్రాన్సిస్ చూడాలనుకున్నది ఆ బంగారు తొట్టిని కాదు. క్రైస్తవుల నమ్మకం ఏమిటంటే, లోకాన్ని చేసిన దేవుడే మనిషిగా పుట్టాడని. పుట్టదలుచుకుంటే రాజుగారి ఇంట్లో పుట్టొచ్చు. అట్లా కాకుండా ఏ ఆధారమూ లేని పసిబిడ్డగా, గొడ్లు తినే చోటికి దిగి వచ్చాడు. ఫ్రాన్సిస్ గుర్రం దిగాడని చెప్పాను గదా. దేవుడే ముందు దిగాడు, తను ఆయన వెనక దిగుతున్నాను అని ఆయన లెక్క. నాకు అర్థమైనంతలో ఆయన క్రిస్మస్ అంతా ఇదే.

ఆ రాత్రి చుట్టుపక్కల మఠాల సోదరులు, ఊళ్ళ జనం, ఆడామగా అందరూ కొవ్వొత్తులు, కాగడాలు పట్టుకుని కొండెక్కి వచ్చారు. పాటలకి అడవి మారుమోగింది. అప్పట్లో ప్రార్థన అంతా లాటిన్ భాష, మామూలు జనానికి సరిగా తెలియదు. పుస్తకాలన్నీ మన గోడపత్రికలాగే చేతిరాతవి, కొనాలంటే దొరలే కొనాలి. చదవలేనివాళ్ళకి ఆ రాత్రి గడ్డి, ఎద్దు, గాడిదే పుస్తకం. తొట్టి దగ్గరే గురువు పూజ చేశాడు. ఫ్రాన్సిస్ గురువు కాదు, డీకన్ మాత్రమే. అంటే పూజలో సువార్త చదివే పరిచారకుడు. ఆయన సువార్త పాడి, తర్వాత ప్రసంగం చేశాడు. బేత్లెహేము అనే మాట పలికేటప్పుడు గొర్రెపిల్ల అరిచినట్టు సాగదీసి పలికాడట. ఆ పేరు పలికి, తీపి తిన్నవాడిలా పెదాలు తడుపుకున్నాడట. ఈ సంగతులు తోమాసో అనే సోదరుడు ఐదారేళ్ళకే ఫ్రాన్సిస్ చరిత్ర రాసినప్పుడు చెప్పాడు.

ఆయన రాసినదాంట్లో ఒక విషయం నన్ను ఆపేసింది. ఆ తొట్టిలో బొమ్మ పెట్టారని గాని, బిడ్డని పడుకోబెట్టారని గాని లేదు. మరియమ్మ, యోసేపు వేషాలు కూడా లేవు. గడ్డి మాత్రమే. అయితే అక్కడున్న ఒకాయనకి మాత్రం తొట్టిలో ప్రాణంలేనట్టు పడున్న బిడ్డ కనిపించాడు. ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్ళగానే ఆ బిడ్డ నిద్రలేచాడు. చాలామంది గుండెల్లో యేసుని మరిచిపోయారు, ఫ్రాన్సిస్ వల్ల మళ్ళీ మేలుకున్నాడు అని తోమాసో దానికి అర్థం చెప్పాడు. క్రైస్తవులు క్రిస్మస్‌కి చెప్పుకునే ఆత్మీయ అర్థం కూడా ఇదే. ఎప్పుడో బేత్లెహేములో ఒక్కసారి పుట్టి ఊరుకున్నాడని కాకుండా, నమ్మినవాడి లోపల ఇప్పుడు పుట్టాలి అని. ఇంకోటి కూడా ఉంది. బేత్లెహేము అంటే హీబ్రూ భాషలో రొట్టెల ఇల్లు. తొట్టి అంటే మేత పెట్టే చోటు. పూజలో రొట్టె క్రీస్తు శరీరం అవుతుందని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ పూజ తొట్టిమీద జరగడం ఊరికే అలంకారం కాదు. ఆకలికీ ఆ పండక్కీ సంబంధం ఉంది.

పొద్దున్నే జనం ఆ గడ్డి ఇళ్ళకి పట్టుకెళ్ళారు. జబ్బుచేసిన గొడ్లకి పెడితే తగ్గిందని చెప్పుకున్నారు. క్రిస్మస్ నాటకాలు అంతకుముందు కూడా గుళ్ళల్లో ఉండేవి గాబట్టి అన్నిటికీ ఫ్రాన్సిసే మొదలు అనడం సరికాదు. కాని మన ఊళ్ళ చర్చిల్లో డిసెంబరులో గడ్డితో, మట్టిబొమ్మలతో కట్టే పశువుల పాకకి జనం గుర్తుచేసుకునేది గ్రెచ్చియోనే. 2023లో దానికి 800 ఏళ్ళు నిండాయి.

క్రిస్మస్ విషయంలో ఫ్రాన్సిస్ పట్టుదల మామూలుగా ఉండేది కాదు. పండగలన్నిటికీ అదే పండగ అనేవాడు. ఒక ఏడాది క్రిస్మస్ శుక్రవారం వచ్చింది. శుక్రవారం మాంసం తినకూడదని వాళ్ళ నియమం. సోదరులు ఏం చెయ్యాలా అని తర్జనభర్జన పడుతుంటే మొరీకో అనే సోదరుడు తినకూడదన్నాడు. ఫ్రాన్సిస్‌కి కోపం వచ్చింది. ఆ రోజు గోడలు కూడా మాంసం తినాలి, తినలేవు గాబట్టి వాటికి పైన పూయాలి అన్నాడట. (మెస్సు ఇన్‌ఛార్జి సారు ఈ పేరా రెండుసార్లు చదవాలని మనవి.) ఏడాదంతా ఉపవాసాలు ఉండే మనిషి ఈ మాట అన్నాడు చూడండి.

అక్కడితో ఆగలేదు. ఆ రోజు ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి కడుపునిండా పెట్టాలి. ఎద్దులకీ గాడిదలకీ మామూలుకంటే ఎక్కువ మేత వెయ్యాలి. చక్రవర్తితో మాట్లాడే వీలుంటే, దారుల్లో ధాన్యం చల్లాలని చట్టం చేయమని అడుగుతానన్నాడు. ఎందుకంటే పిట్టలకోసం, ముఖ్యంగా లార్క్ పిట్టలకోసం. ఇవి పిచ్చుక కంటే కాస్త పెద్దవి, మట్టిరంగు, తలమీద చిన్న కుచ్చు. ఇది చదివినప్పుడు నాకు కనుమ గుర్తొచ్చింది. ఆ రోజు మనమూ గొడ్లని కడిగి, బొట్టుపెట్టి, మంచి మేత వేస్తాం. కొన్ని ఊళ్ళల్లో పిచ్చుకలకోసం చూరుకి వరికంకుల కుచ్చులు కడతారు. ఇటలీవాళ్ళకి కనుమ తెలియదు, అయినా ఆయనకి అదే బుద్ధి పుట్టింది.

మరి ఇంత విందు అడిగిన మనిషే ఇంకోసారి భోజనం మధ్యలో లేచిపోయాడు. ఆ రోజు మరియమ్మ ఎంత పేదరికంలో బిడ్డని కన్నదో ఒక సోదరుడు మాట్లాడాడు. వెంటనే ఫ్రాన్సిస్ బల్ల దగ్గరనుంచి లేచి, వట్టి నేలమీద కూర్చుని, ఏడుస్తూ మిగతా రొట్టె అక్కడే తిన్నాడు. మొదట నాకు ఈ రెండూ కలవలేదు. ఒకచోట గోడలకి కూడా మాంసం, ఇంకోచోట నేలమీద రొట్టె. తర్వాత ఆలోచిస్తే తేడా కనిపించింది. అందరికీ పెట్టేటప్పుడు ఆయనకి లెక్క లేదు. తనకోసం అయితే ఆ తల్లీబిడ్డలకంటే పైన కూర్చోలేడు. మనలో పండక్కి కొత్త బట్టలు లేవని సెలవులకి ఇంటికి వెళ్ళడానికే మొహమాటపడేవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. ఫ్రాన్సిస్ లెక్కలో ఆ పండగ నేరుగా చేరేది ముందు వాళ్ళ ఇంటికే.

తర్వాత మూడేళ్ళు కూడా బతకలేదు. 1224లో లవెర్నా కొండమీద ప్రార్థనలో ఉన్నప్పుడు ఆయన చేతులు, కాళ్ళు, పక్కలో సిలువ గాయాల్లాంటి గాయాలు కనిపించాయని ఆయన చరిత్రలు చెబుతాయి. కళ్ళు దాదాపు పోయాయి. వైద్యం పేరుతో ఎర్రగా కాల్చిన ఇనుముతో కణతల దగ్గర వాతలు పెట్టారు, ఏమీ తగ్గలేదు. ఆ చీకట్లోనే 1225లో సూర్యుణ్ణి అన్నా అని, చంద్రుణ్ణి అక్కా అని వరస కలిపి దేవుణ్ణి స్తుతిస్తూ పాట కట్టాడు. లాటిన్‌లో కాదు, ఇంట్లో మాట్లాడుకునే తన ఊరి భాషలో. ఇటలీ భాషలో మొదటి కవితల్లో అదొకటని ఇప్పుడు చదువుకుంటున్నారు. ఇంటి దగ్గర కువి, సవర, కోయ మాట్లాడే మనం ఈ ఒక్క ముక్క గట్టిగానే చదువుకోవచ్చు.

1226 అక్టోబరు 3 సాయంత్రం అస్సీసీ దగ్గర పోర్జియుంకొలా అనే చిన్న గుడి పక్కన ఆయన చనిపోయాడు. చివరి రోజుల్లో తనని బట్టల్లేకుండా వట్టి నేలమీద పడుకోబెట్టమన్నాడు. పెద్ద సోదరుడు ఒక అంగీ తెచ్చి, ఇది నీది కాదు, అప్పుగా ఇస్తున్నాను అని చెప్పాకే కట్టుకున్నాడు. రెండేళ్ళలోపే, 1228 జూలైలో, పోపు తొమ్మిదవ గ్రెగరీ ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు.

ఆయన పోయిన సాయంత్రం గురించి సోదరులు ఒక సంగతి రాసిపెట్టారు. లార్క్ పిట్టలకి వెలుతురంటే ఇష్టం, చీకటిపడితే ఎగరవు. ఆ రోజు మాత్రం మసక చీకట్లో గుంపుగా వచ్చి, ఆయన పడుకున్న ఇంటి కప్పు మీద చాలాసేపు తిరుగుతూ కూశాయట.