మామోగ్రామ్‌కు మూలపురుషుడు

మగవారికి రొమ్ము క్యాన్సరా అని ఆశ్చర్యపోకండి. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో సుమారు 1 శాతం మగవారిలోనే. గడ్డ చేతికి తగిలినా సిగ్గుతో, మనకెందుకొస్తుందన్న ధీమాతో ఊరుకుంటారు. అందుకే చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. దీన్ని పసిగట్టే మామోగ్రామ్ కూడా ఎక్స్‌రేనే. దాన్ని లోకానికిచ్చిన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ గురించి తెలుసుకోండి.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో బట్టల వ్యాపారి ఇంట పుట్టారు. చిన్నతనమంతా నెదర్లాండ్స్‌లో గడిచింది. బడిలో ఎవరో మాస్టారి బొమ్మను వెక్కిరింతగా గీశారు. గీసిందెవరో చెప్పనందుకు రాంట్‌జెన్‌ను బడి నుంచి పంపేశారు. అయినా జ్యూరిక్ వెళ్లి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 1869లో డాక్టరేట్ అందుకున్నారు.

1895 నవంబరు 8 సాయంత్రం. వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలలో, నల్ల అట్టతో కప్పిన గాజు గొట్టంలోకి ఆయన విద్యుత్తు పంపారు. కాస్త దూరంలోని రసాయనం పూసిన తెర మెరిసింది. కంటికి కనిపించని కిరణాలేవో అట్టను దాటి వస్తున్నాయని గ్రహించారు. అవేమిటో తెలియక ఎక్స్ అని పేరు పెట్టారు. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని ఫొటో తీస్తే ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి.

1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ ఆయనదే. ఆ సొమ్మును విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఎక్స్‌రేకు పేటెంటు తీసుకోలేదు. అందుకే అది ఏ అడ్డూ లేకుండా వైద్యుల చేతికొచ్చింది. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్‌లో తీసేసిన సుమారు 3,000 రొమ్ములను ఎక్స్‌రే తీసి పరిశీలించారు. మామోగ్రామ్‌కు అదే తొలి అడుగు. రాంట్‌జెన్ 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మగవారి ఛాతీలో కణజాలం తక్కువే అయినా మామోగ్రామ్ తీయొచ్చు. హార్మోన్ల తేడాతో వచ్చే మామూలు వాపు చాలావరకు చనుమొన వెనకే విసనకర్రలా పరచుకొని కనిపిస్తుంది. క్యాన్సర్ గడ్డ తరచూ కాస్త పక్కకు, గరుకు అంచులతో ఉంటుంది. అల్ట్రాసౌండ్‌తో గడ్డతో పాటు చంకలోని గ్రంథులనూ చూస్తారు. అనుమానముంటే సూదితో ముక్క తీసి పరీక్షించి నిర్ధారిస్తారు.

లక్షణాలు లేని మగవారందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు. కానీ నొప్పిలేని గట్టి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం వచ్చినా ఆలస్యం చేయొద్దు. మీ నాన్నగారో, అన్నయ్యో ఈ మాట చెప్పడానికి మొహమాటపడుతుంటే మీరే వెంటబెట్టుకొని డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.