విమానయాన మార్గదర్శి : జె. ఆర్. డి. టాటా

నేడు ఉత్తరాంధ్రమునుండి బయలుదేరిన ప్రయాణికుడు విమానమున కొలది గంటలలో ఢిల్లీ చేరుచున్నాడు. మన దేశమున ఇట్టి సౌకర్యమునకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు జె. ఆర్. డి. టాటా.

ఆయన 1904 జూలై 29వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పార్సీ వర్తకుడు. తల్లి ఫ్రెంచి వనిత. బాల్యమున ఫ్రాన్సు సముద్రతీరమందు బ్లేరియో అను ప్రఖ్యాత వైమానికుని విమానములను చూచి, తానును ఎగురవలెనని ఆశపడెను. 1929లో ఆ ఆశ నెరవేరెను. భారతదేశమున ఇయ్యబడిన విమానచోదకుల అనుమతి పత్రములలో మొదటిది ఆయనదే.

ఇంగ్లండు, ఇండియాల నడుమ ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునకు ఆగాఖాన్ ఒక బహుమానము ప్రకటించెను. 1930లో టాటా కరాచీనుండి బయలుదేరెను. ఆస్పీ ఇంజనీర్ అను యువకుడు ఇంగ్లండునుండి వచ్చుచుండెను. ఈజిప్టులో ఇరువురును కలిసికొనిరి. ఆస్పీ విమానము స్పార్కు ప్లగ్గు లేక నిలిచిపోయి యుండెను. టాటా తనవద్ద అదనముగా నున్న దానిని అతనికిచ్చెను. ఆస్పీయే ముందుగా గమ్యము చేరి బహుమానము గెలిచెను. తరువాతి కాలమున అతడు భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను.

1932 అక్టోబరు 15వ తేదీన టాటా ఒంటి యంత్రపు చిన్న విమానములో తపాలా సంచులతో కరాచీనుండి బొంబాయి చేరెను. అచ్చటినుండి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ వానిని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చెను. ఆ విమానమున రేడియో లేదు. మన విమానసేవలు ఇట్లు ఆరంభమయ్యెను. 1945లో హైదరాబాదున నిజాం ప్రభుత్వముతో కలసి టాటా సంస్థ డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించెను. 1946లో టాటా విమానసంస్థయే ఎయిర్ ఇండియా యయ్యెను.

1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసెను. చేసిన పద్ధతి టాటాకు నచ్చలేదు. తాను పెంచిన సంస్థ పరహస్తగతమైనప్పుడు ఎవనికి మనస్సు నొవ్వదు? అయినను ప్రభుత్వము కోరగా ఆయన దానికి అధ్యక్షుడై, జీతము పుచ్చుకొనక పనిచేసెను. ప్రయాణికునిగా ఎక్కినపుడు ఆసనముల శుభ్రతను, కాఫీ, తేనీరుల రుచిని సైతము పరీక్షించి, కనబడిన లోపములను వ్రాసి అధికారులకు పంపుచుండెను.

1960లో ఎయిర్ ఇండియా బోయింగ్ 707 జెట్ విమానములను ప్రవేశపెట్టెను. నాలుగు యంత్రములు, నడుమ ఒకే నడవ గల సన్నని విమానములవి. ఆ యేడే అవి న్యూయార్కు చేరెను. 1962 నాటికి ఆ సంస్థ విమానములన్నియు జెట్ విమానములే యయ్యెను. ప్రపంచమున ఆ స్థితికి వచ్చిన మొదటి సంస్థ అదియే. 707 కొలతల వెడల్పుతోనే తరువాత 737 రకము వెలసి, మన దేశపు నగరముల నడుమ తిరిగెను.

ఆ మార్గమున దుఃఖమును లేకపోలేదు. 1966 జనవరి 24న ఒక 707 విమానము ఆల్ప్స్ పర్వతములలో కూలగా 117 మంది మరణించిరి. వారిలో శాస్త్రజ్ఞుడు హోమీ భాభా ఒకడు. ఆయన టాటాకు ఆప్తమిత్రుడు.

1978లో ప్రభుత్వము టాటాను అధ్యక్షపదవినుండి తొలగించెను. విమానముపై ఆయనకు గల ప్రేమ మాత్రము తొలగలేదు. 1982లో, 78 ఏండ్ల వయస్సున, చిన్న విమానములో మరల కరాచీనుండి బొంబాయి వచ్చెను. 1992లో భారతరత్న బిరుదమును పొంది, 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూసెను. 2022లో ఎయిర్ ఇండియా తిరిగి టాటా సంస్థలకు చేరెను.

యాజమాన్యము పోయినను బాధ్యతను విడువనివాడు ధన్యుడు. టాటా అట్టివాడు.